పెరటి షెడ్డులో లేత్

ఆంగ్ల నవలాకారుడు నెవిల్ ష్యూట్ 1960 జనవరిలో ఆస్ట్రేలియాలో కన్నుమూశాడు. ఆయన చివరి నవల 'ట్రస్టీ ఫ్రమ్ ది టూల్‌రూమ్' ఆ ఏడే అచ్చయింది. అందులోని కథానాయకుడు కీత్ స్టీవార్ట్ అందగాడు కాడు, ధనవంతుడు అంతకన్నా కాడు. లండన్ శివారున వెస్ట్ ఈలింగ్‌లో, ఒక సామాన్యమైన ఇంటి నేలమాళిగలో కూర్చుని బొమ్మ ఇంజన్లు, చిత్రమైన గడియారాలు తయారుచేస్తుంటాడు. వాటిని ఎలా తయారుచేయాలో ఒక పత్రికకు రాసి, ఆ చాలీచాలని పారితోషికంతో సంసారం ఈదుకొస్తుంటాడు. ఏ పాఠకుడు ఏ సందేహం అడిగినా ఓపికగా ఉత్తరం రాసి తీరుస్తాడు. అంతకుమించి అతని జీవితంలో చెప్పుకోదగ్గది ఏమీ లేదు.

అటువంటివాని మీద ఒకనాడు పెద్ద భారం పడుతుంది. పసిఫిక్ సముద్రంలో పడవ పగిలి అతని చెల్లెలూ బావా మరణిస్తారు. వారి కూతురు అతని సంరక్షణలో ఉన్నది. ఆ పిల్లకు దక్కవలసిన ఆస్తి అంతా ఆ పగిలిన పడవలోనే ఉన్నది. ప్రపంచానికి ఆ చివర ఉన్న దీవికి వెళ్ళి దాన్ని తీసుకురావలసిన ఈ మనిషి వద్ద ప్రయాణానికి డబ్బు లేదు. అయినా వెళ్ళగలుగుతాడు. దారి పొడుగునా అతన్ని చేయి పట్టుకుని నడిపించినవారు అతనెన్నడూ చూడని మనుషులు. ఒకడు విమానంలో ఇంజనీరు, ఇంకొకడు అమెరికాలో కలప వ్యాపారం చేసే కోటీశ్వరుడు. పత్రికలో స్టీవార్ట్ రాసిన పద్ధతి ప్రకారమే ఆ కోటీశ్వరుడు ఒక గడియారం తయారుచేసుకుంటూ, మధ్యలో ఒకచోట చిక్కుపడి కూర్చుని ఉంటాడు.

కథ కాస్త కల్పితంగా తోచవచ్చు. కాని ష్యూట్ స్వయంగా విమాన నిర్మాణంలో ఆరితేరిన ఇంజనీరు, తాను రాస్తున్న మనుషులను ఎరిగినవాడు. నవలలోని పత్రికకు మూలం 'మోడల్ ఇంజనీర్' అని ఇంగ్లండులో పాఠకులు ఇట్టే పోల్చుకున్నారు. స్టీవార్ట్ పాత్రకు మూలం ఎడ్గార్ వెస్ట్‌బరీ అని చాలామంది నమ్మకం. చిన్న పెట్రోలు ఇంజన్లను ఇంట్లో ఎలా నిర్మించుకోవాలో ఆయన ఆ పత్రికలో ఏళ్ళ తరబడి రాశాడు.

పెర్సివల్ మార్షల్ అనే యువకుడు 1898 జనవరిలో ఆ పత్రికను స్థాపించాడు. దాని తొలి పేరులో అమెచ్యూర్ ఎలక్ట్రీషియన్లకు కూడా చోటు ఉండేది. అదే ఏడాది లండన్‌లో మోడల్ ఇంజనీర్ల సంఘం కూడా వెలిసింది. పగలు బ్యాంకులో లెక్కలు రాసుకునే గుమాస్తా, పంటి వైద్యుడు, బడిపంతులు, చర్చి ఫాదరు, రైల్వే ఫిట్టరు, అందరూ సాయంత్రమయ్యేసరికి పెరట్లో రేకుల షెడ్డులో దూరి, దీపం పెట్టుకుని, ఇనుమునూ ఇత్తడినీ చెక్కేవారు. వారి ధ్యేయం చాలావరకు ఒక్కటే: మోకాలెత్తు ఉండి, నిజంగా బొగ్గు తిని, నిజంగా ఆవిరి కక్కి, మనిషిని లాగే రైలింజను.

ఇక్కడ మన పాఠకునికి ఒక సంగతి వింతగా తోచకపోదు. లేత్ అంటే మనకు బతుకుతెరువు. విజయవాడ ఆటోనగర్‌లో అడుగడుగునా లేత్ మీద షాఫ్టులు తిరుగుతూనే ఉంటాయి. అరిగిన బుష్షు, విరిగిన పిన్ను పట్టుకుని డ్రైవర్లు గుమ్మంలో నిలబడి ఉంటారు. అక్కడ లేత్ ముందు నిలబడినవాడు సరదాకు నిలబడలేదు. ఇంగ్లండులో కూడా కార్ఖానా లేత్ అటువంటిదే. పెరటి లేత్ కథ వేరు. దాని యజమాని దాని వల్ల ఒక్క పెన్నీ కూడా సంపాదించడు.

లేత్ అన్న మాట మనకు కొత్తదేమో గాని ఆ వస్తువు కొత్తది కాదు. దానికి తెలుగులో 'తరిమెన' అనే చక్కని మాట ఉన్నది. గుండ్రంగా, నున్నగా తీర్చిన మంచపుకోడును తరిమెన పట్టిన కోడు అనేవారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను తిప్పుతూ దాని మీద లక్క రంగులు పట్టించే బొమ్మల పనివారు నేటికీ చేస్తున్నది అదే పని. వస్తువు తిరుగుతుంది, ఉలి నిలిచి ఉంటుంది, సూత్రమంతా ఇంతే. చెక్క పనిలో ఉలిని చేత్తో పట్టుకోవచ్చు. ఉక్కు అందుకు లొంగదు. ఉలిని ఒక బలమైన పీఠంలో బిగించి, మరమేకు తిప్పుతూ వెంట్రుకవాసి చొప్పున ముందుకు జరపాలి. హెన్రీ మాడ్‌స్లే 1800 ప్రాంతాన లండన్‌లో నిర్మించిన మరలు కోసే లేత్ ఈ పద్ధతికి పరిపూర్ణ రూపం ఇచ్చింది. ఒక యంత్రం తనకంటె కచ్చితమైన మరొక యంత్రాన్ని తయారుచేయగలిగిన యుగం అక్కడినుంచే ఆరంభమైనదనవచ్చు.

అయితే యంత్రం కొన్నంత మాత్రాన పని రాదు. మొట్టమొదటిసారి లేత్ కొని ఇంటికి తెచ్చుకున్నవాడికి ఎదురయ్యే అనుభవం ఎక్కడైనా ఒకటే. గుండ్రని కడ్డీ ఒకటి బిగించి, నున్నగా కోసి, మురిసిపోయి, మైక్రోమీటరుతో కొలుస్తాడు. ఒక చివర కన్నా రెండో చివర అంగుళంలో వెయ్యోవంతు లావు! అంటే తలవెంట్రుక మందంలో సుమారు మూడోవంతు. అది కంటికి కనబడదు. కాని ఆ కడ్డీయే రేపు ఇంజనులో పిస్టన్ రాడ్ అయితే ఆవిరి కారిపోతుంది. లేత్ అమ్మినవాడు మోసం చేశాడని అతడు తిట్టుకుంటాడు.

అనుభవజ్ఞుడు ఇచ్చే సలహా వేరు: "యంత్రాన్ని అనుమానించకు, బల్లను అనుమానించు." మూడడుగుల పోత ఇనుము కొండలా కనబడినా, నిజానికి అది ఎంతో కొంత మెలితిరిగే వస్తువే. ఎగుడుదిగుడుగా ఉన్న బల్లకు దాని కాళ్ళను బోల్టులతో బిగించినప్పుడు లేత్ బెడ్ తడిబట్ట పిండినట్లు పిసరంత మెలితిరుగుతుంది. విరుగుడు అతి చౌక. ఒక బలమైన కడ్డీని చక్‌లో మాత్రమే బిగించి, రెండో చివర ఏ ఆధారమూ ఇవ్వకుండా, దానిపై దూరదూరంగా రెండు పట్టీలు వదిలి, రెండిటినీ ఒకే అమరికలో అతి పలుచగా కోయాలి. రెండు పట్టీల వ్యాసాలూ కొలిచి చూసుకోవాలి. తేడా ఉంటే టెయిల్‌స్టాక్ వైపు కాళ్ళలో ఒకదాని కింద పలుచని రేకుముక్క దూర్చి మళ్ళీ కోయాలి. తేడా పెరిగితే ఆ రేకు రెండో కాలికిందకు మారుతుంది. ఇలా ఒక సాయంత్రం గడిపితే వెయ్యోవంతు మాయమవుతుంది.

దీనినే లేత్‌ను 'లెవెల్' చేయడం అంటారు గాని, ఆ మాట చాలామందిని తప్పుదారి పట్టిస్తుంది. నేలకు సమతలంగా ఉండటం ఇక్కడ ముఖ్యం కాదు. మెలిక లేకపోవటమే ముఖ్యం. ఓడలోని వర్క్‌షాపులో లేత్ అలలతోబాటు అటూ ఇటూ ఒరుగుతూనే చక్కగా కోస్తుంది. ఈ ఒక్క ఉదాహరణ వింటే పుస్తకంలో నాలుగు పుటలు చదివినా బుర్రకెక్కనిది చటుక్కున ఎక్కుతుంది.

పాత లేత్ కొనబోయేవానికి చెప్పే చిట్కా కూడా ఈ కోవలోదే. మెరిసే రంగు చూడవద్దు. క్యారేజిని చక్ దగ్గరకు తెచ్చి, అక్కడ వదులు లేకుండా, హాయిగా జరిగేటట్లు బిగింపు సరిచేయాలి. తరువాత దాన్ని మెల్లగా రెండో చివరకు తిప్పుకుంటూ పోవాలి. మధ్యదారిలో బిగుసుకుపోతే బెడ్ అరిగినదని అర్థం. ఏ లేత్‌లోనైనా పని ఎక్కువగా జరిగేది చక్ సమీపంలోనే గనుక అరుగుదల కూడా అక్కడే. దూరపు కొస మటుకు కొత్తగా ఉన్నప్పటి కొలతతోనే మిగిలి ఉంటుంది. ఎద్దు పళ్ళు చూసి వయసు చెప్పే రైతు చేసే పరీక్ష వంటిదే ఇదీ.

కొత్తవారిని అన్నిటికన్నా భయపెట్టేది, తయారైన ముక్కను కడ్డీనుంచి సన్నని ఉలితో కోసి వేరుచేయడం. ఉలి కడ్డీలో దిగబడి, ఫెళ్ళున విరిగి, కొన్నాళ్ళు చేసిన పని క్షణంలో పాడవుతుంది. ఈ విషయంలో పదిమందిని అడిగితే పది సలహాలు వస్తాయి. ఉలిని ఎక్కువ పొడుగు బయటకు రానీయకు, క్యారేజిని కదలకుండా బిగించు, వేగం తగ్గించు, నూనె ధారాళంగా పోయి, అన్నిటికన్నా ముఖ్యం, భయపడి మధ్యలో చేయి ఆపకు. చేయి ఆగితే ఉలి కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, ఆ తరువాతి పట్టుకే విరుగుతుంది. జార్జ్ థామస్ అనే ప్రసిద్ధ రచయిత ఉలిని ముందు వైపునుంచి కాక వెనుక వైపునుంచి, తలకిందులుగా బిగించే పీఠాన్ని గట్టిగా సమర్థించాడు. ఒత్తిడికి వంగినప్పుడు ముందుండే ఉలి లోతుకు దిగబడుతుందనీ, వెనుకనుండేది పనినుంచి తొలగిపోతుందనీ దానికి చెప్పే కారణం. అందరూ ఒప్పుకోలేదు. ముందునుంచే నిక్షేపంగా కోస్తున్నామని వాదించేవారు నేటికీ ఉన్నారు.

బయటివారికి ఈ వాదాలు చాదస్తంగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. కాని వీటిలో ఒక అలిఖిత నియమం ఉన్నది. సలహా చెప్పేవాడు తన యంత్రం ఏదో, ఏ లోహాన్ని ఏ వేగంతో కోశాడో, చివరకు ఏమయిందో చెప్పవలసిందే. "అలా చేయాలట" అనే మాటకు అక్కడ విలువ లేదు. "నేను చేశాను, ఇలా విరిగింది" అనేదానికి గౌరవం. డిగ్రీలు ఉన్నవాడి సిద్ధాంతం కన్నా వంటింటి బల్లమీద చేసి చూపినవాడి ముక్కకు పరపతి ఎక్కువ.

ఈ నియమానికి ఒక పెద్ద పరీక్ష 1922లో ఎదురైంది. బొమ్మ రైలింజన్ల రూపకల్పనలో ఆనాడు హెన్రీ గ్రీన్లీ పేరు మోగిపోతున్నది. రెండున్నర అంగుళాల పట్టాలమీద నడిచే చిన్న ఇంజనుకు అసలు రైలింజను వంటి బాయిలరు పెట్టి బొగ్గుతో మండించడం వృథా, స్పిరిట్ దీపాలతో నీళ్ళు కాచే తేలిక బాయిలరే తగినదని నిపుణుల మతం. దానిని 'ఎల్.బి.ఎస్.సి.' అనే పొడి అక్షరాలతో రాసే ఒక వ్యక్తి కాదన్నాడు. లండన్, బ్రైటన్ అండ్ సౌత్ కోస్ట్ రైల్వే పేరులోని అక్షరాలవి. ఆయనకు ఆ రైల్వే అంటే ప్రాణం. బొగ్గుతో నడిచే తన ఇంజను 'అయేషా' పెద్ద మనుషులను లాగగలదని ఆయన పట్టుదల. 'మోడల్ ఇంజనీర్' పుటలలో ఉత్తరాల యుద్ధం సాగింది. దానికి 'బాయిలర్ల సమరం' అనే పేరే స్థిరపడింది. తుదకు 1924లో ఆ పత్రిక నిర్వహించిన ప్రదర్శనలో పోటీ ఇంజను ఎదుటనే 'అయేషా' బొగ్గు మండించుకుంటూ మనుషులను లాగి చూపింది. తరువాత వచ్చిన చిన్న ఇంజన్లు ఏ దారి పట్టాయో చూస్తే ఎవరి మాట నిలిచిందో తెలుస్తుంది.

ఆ వ్యక్తి 1967లో మరణించేవరకు దాదాపు నాలుగు దశాబ్దాలకు పైగా కొత్తవారికోసం రాస్తూనే ఉన్నాడు. తన బొమ్మలను 'సంగీతం' అనీ వాటి వివరణను 'సాహిత్యం' అనీ ముద్దుగా పిలుచుకునేవాడు. పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్లుండే ఆయన శైలిని కొందరు పండితులు ఈసడించారు. ఎప్పుడూ ఫైలు పట్టని వారికోసం ఆయన రూపొందించిన 'టిచ్' అనే బుల్లి ఇంజను మాత్రం ఆ విమర్శలను లెక్కచేయకుండా ఎన్నో షెడ్లలో పుడుతూ వచ్చింది.

సలహాలు ఇంత సులువుగా చేతులు మారడానికి ఇంకొక కారణం కూడా ఉన్నది. 1946లో నాటింగ్‌హామ్ సమీపంలోని బీస్టన్‌లో మైఫోర్డ్ సంస్థ 'ఎం.ఎల్. 7' అనే చిన్న లేత్‌ను విడుదల చేసింది. ఏడంగుళాల వ్యాసం వరకు వస్తువును తిప్పగల ఆ యంత్రం ఇంగ్లండు పెరటి షెడ్లలో దాదాపు ప్రమాణం అయి కూర్చున్నది. అందరి దగ్గరా ఒకే యంత్రం ఉన్నప్పుడు ఒకని అనుభవం ఇంకొకనికి అక్షరాలా పనికివస్తుంది. రచయితలు తమ చక్రాల కొలతలు కూడా ఆ లేత్‌లో పట్టేటట్లు చూసుకునేవారు.

ఇంత ధారాళమైన లోకంలో రెండు విషయాలలో మాత్రం ఎవరి ఇష్టం వారిది కాదు. మొదటిది చక్ కీ. చక్‌ను బిగించే ఆ తాళాన్ని అందులోనే మరచి మీట వేస్తే అది తుపాకీగుండులా ఎగురుతుంది. "కీ చక్‌లో ఉన్నంతసేపూ చేయి దానిమీదనే ఉండాలి" అనేది గురువులు మొదటిరోజే నేర్పే పాఠం. చేతి తొడుగులు వేసుకుని లేత్ ముందు నిలబడకూడదు. ఉంగరాలు, గాజులు, వదులు చొక్కా చేతులు, మెడలో టై, మన దేశంలోనైతే చీర చెంగు, పంచె కొంగు, విరబోసిన జుట్టు, అన్నిటికీ ఈ నిషేధం వర్తిస్తుంది. తిరిగే చక్ దేనినైనా ఒకసారి పట్టుకున్నదంటే వదలదు. మెలికలు తిరిగి వచ్చే లోహపు తురుమును చేత్తో లాగినవాడికి వేళ్ళు తెగి రక్తం వస్తుంది. అందుకు కుంచె ఉన్నది.

రెండవది బాయిలరు. రాగి రేకులతో ఇంట్లో అతికి చేసిన బాయిలరులో, లారీ టైరులోని గాలి ఒత్తిడికి దీటైన ఆవిరి కూడుకుంటుంది. దాని వెనుకనే పిల్లలు కూర్చుంటారు. అందుచేత ఇంగ్లండులో క్లబ్బుల పరీక్షకుడు ఒప్పుకోనిదే ఇంజను పట్టా ఎక్కరాదు. కొత్త బాయిలరును ముందుగా నిండా నీటితో నింపి, అది పని చేయవలసిన ఒత్తిడికి రెండింతలు పంపుతో ఎక్కించి చూస్తారు. ఆవిరితో గాక నీటితో పరీక్షించడంలో ఉపాయం ఉన్నది. నీరు నొక్కుకుపోదు గనుక అతుకు ఊడినా చిమ్మి ఊరుకుంటుంది. ఆవిరి అయితే పేలుతుంది. ఆ తరువాతి పరీక్షలలో ఒకటిన్నర రెట్లు చాలు. ఎంత స్నేహితుడైనా, ఎంత పెద్దవాడైనా, ముల్లు నిలవకపోతే పరీక్షకుడు సంతకం పెట్టడు. రెండేళ్ళ శ్రమను భుజాన వేసుకుని మౌనంగా ఇంటికి పోయినవారు ప్రతి క్లబ్బులోనూ కనబడతారు.

మైఫోర్డ్ బీస్టన్ కర్మాగారం 2011లో మూతపడింది. ఆ పేరు వేరే చేతులలోకి వెళ్ళింది. ఈనాడు కొత్తగా మొదలుపెట్టేవారిలో అధిక సంఖ్యాకులు చైనాలో తయారైన చిన్న లేత్‌లతోనే మొదలుపెడుతున్నారు. అవి చౌక, కాని పెట్టెలోంచి తీయగానే విప్పి, కడిగి, పదును చేసి, మళ్ళీ బిగించుకోవాలి. ఆ పనికి కావలసిన సలహా మళ్ళీ పాతవారి దగ్గరనే దొరుకుతుంది. పెద్ద కర్మాగారాలలో కంప్యూటరు నడిపే యంత్రాలు వచ్చిన తరువాత, చేతి స్పర్శతో వెయ్యోవంతును పసిగట్టగలిగే టూల్‌రూము పనివారు ఒక్కొక్కరే విశ్రాంతి తీసుకున్నారు. వారిలో చాలామందికి తమ విద్య అక్కరపడే చోటు ఈ షెడ్లే అయ్యాయి. ఇత్తడిని కోసే ఉలి మొనకు వాలు ఉండకూడదని, ఉంటే అది లోహంలోకి తనంతట తానే దూసుకుపోతుందని పుస్తకాలు చెబుతాయి. ఆ దూసుకుపోవడానికి అరక్షణం ముందు మరచక్రం పిడిమీద వేళ్ళకు ఏమి తెలుస్తుందో మాత్రం పక్కన నిలబడినవాడే చెప్పాలి.

ఆ పక్కన నిలబడేవారికి వయసు మీరుతున్నది. ఒక సభ్యుడు మరణించినప్పుడు క్లబ్బువారు ఇంటికి వెళ్ళి, ఏ పనిముట్టు దేనికో, దేనికి ఎంత వస్తుందో అతని భార్యకు చెప్పి, అమ్మిపెట్టడం అక్కడ పరిపాటి. తరచుగా షెడ్డు మూల సగం తయారైన ఇంజను ఒకటి ఉంటుంది: చట్రం, చక్రాలు, ఒక సిలిండరు, ఇంకా కోయని ఇత్తడి పోతలు, పిప్పరమెంటు డబ్బాలో మరలు. వాటితోబాటు మడతలు చిరిగిన బొమ్మల చుట్ట. కొన్నవాడు దానిని బల్లమీద పరచినప్పుడు అంచున పెన్సిలుతో రాసిన అక్షరాలు కనిపిస్తాయి: ఈ రంధ్రం బొమ్మలో తప్పుగా చూపారు, ఒకటిన్నర సూత్రం ఎడమకు జరపవలెను. అతడు కొలిచి చూస్తాడు. నిజమే. డ్రిల్లు బిగించి, ఎడమకు జరిపి, రంధ్రం వేస్తాడు.